కరెంటు చెక్కబండి చదువు కాదా?



వార్షికోత్సవ సంచికకు కవిత ఇవ్వండి, కథ ఇవ్వండి అని అడిగినారు. మేము మాత్రం మా కరెంటు చెక్కబండి గురించి రాయదలచుకున్నాము. ఆ బండి మీద హాస్టల్లో ఇప్పటికే చాలా మాటలు నడుస్తున్నాయి గనుక. "చదువుకునేదానికి వచ్చినారా, బండ్లు చేసేదానికి వచ్చినారా?" అని అడిగిన పెద్దలున్నారు. "ఎంత చేసినా మెకానిక్కులే గదరా మీరు అయ్యేది" అని నవ్విన పాత విద్యార్థులూ ఉన్నారు. వారి మీద మాకు కోపం లేదు. కానీ జవాబు చెప్పకుండా ఉండలేము.

మేము అయిదుగురం. తొమ్మిది, పది తరగతుల వాళ్ళం. తుమ్మలపల్లె, దాని చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. స్కేట్‌బోర్డు అంటే తెలియని తమ్ముళ్ళకు ఒక మాట. మన ఊళ్ళలో పాత బేరింగులు తెచ్చి, చెక్కకు బిగించి, వాలు దారిలో కూర్చుని జారే బండి ఉంది చూడండి, దానికి అది దూరపు చుట్టం. దీని మీద కూర్చోరు, నిలబడతారు. ఒంటిని ఎటు వంచితే అటు తిరుగుతుంది. దానికి మోటారు పెట్టి, తీగ లేకుండా చేతి రిమోటుతో నడిపే బోర్డును 1990లలో కాలిఫోర్నియాలో లూయీ ఫింకిల్ అనే ఆయన అమ్మకానికి తెచ్చినాడు. ఇప్పుడు కొనాలంటే మన ఇళ్ళలో ఎవరూ కొనలేరు. అందుకే చేసినాము.

బోర్డు బెంగళూరులో పనిచేసే మన హాస్టలు అన్న ఒకరు వాడి పక్కన పెట్టింది. చక్రాలు 9 సెంటీమీటర్లవి. మోటారు, కంట్రోలరు పాత ఇనుప సామాను అంగడిలో పడివున్న చిన్న కరెంటు స్కూటరువి. మోటారు మీద 24 వోల్టులు, 250 వాట్లు, నిమిషానికి 2750 చుట్లు అని రాసి ఉంది. బ్యాటరీలు యూపీఎస్ లో వాడే రకం, 12 వోల్టులవి రెండు. మోటారు పక్క పళ్ళ చక్రానికి 11 పళ్ళు, బండి చక్రం పక్క దానికి 33. అంటే చుట్లు మూడోవంతు అవుతాయి. మిగతా లెక్క మీరే వేసుకోండి, గంటకు 15 కిలోమీటర్లకు కొంచెం పైన వస్తుంది. ఇది కాగితం మీది వేగం. మనిషి ఎక్కితే అంత రాదు.

చేయడానికి పట్టింది మూడు ఆదివారాలు. అది ఎందుకు నడవడం లేదో కనిపెట్టడానికి పట్టింది రెండు నెలలు. మేము చెప్పదలచుకున్నది ఈ రెండు నెలల గురించే.

మొదటి రోగం గొలుసు జారడం. ఒకరు గొలుసు వదులన్నారు, ఒకరు పళ్ళు అరిగినాయన్నారు. బిగించి చూసినా జారింది. తర్వాత ఎప్పుడు జారుతున్నదో కాగితం మీద రాసుకుంటూ పోయినాము. నేరుగా పోతే ఒక్కసారీ జారలేదు, మలుపులోనే జారింది. అప్పుడు అర్థమైంది. మోటారు పెద్దది కావడం వల్ల కింద పట్టలేదు. చెక్క పైనే బిగించి, చెక్కలో గాడి కోసి గొలుసు కిందికి దించినాము. మలుపులో చెక్క ఒక పక్కకు వంగుతుంది, దానితో మోటారూ వంగుతుంది. చక్రాల ఇరుసు నేలను పట్టుకొని అట్లనే ఉంటుంది. గొలుసు మెలిక పడుతుంది. వెనుక ఇరుసు కదలకుండా గట్టి రబ్బరు ముక్కలు దిగ్గొట్టి, ముందు ఇరుసు మాత్రం తిరిగేటట్లు చేసినాము. ఆ తర్వాత జారలేదు. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

రెండోది గట్టి రోగం. బండి పది గజాలు పోయి ఆగిపోతుంది. దిగి నిలబడితే మోటారు మళ్ళీ చక్కగా తిరుగుతుంది. చూసినవాళ్ళందరూ వైద్యులే. మోటారు కాలిందన్నారు, కంట్రోలరు పోయిందన్నారు, కొత్తది తెండి అన్నారు. తెచ్చేదానికి డబ్బు ఎక్కడిది? బోరు మోటార్లు బాగుచేసే మామ ఒకాయనను అడిగి మల్టీమీటరు ఎరువు తెచ్చుకున్నాము. ఊరికే పెట్టి చూస్తే 25 వోల్టులకు పైనే ఉంది, లోపమేమీ లేదు. మామ నవ్వి, "పడుకున్న ఎద్దుకు బలమెంతో తెలుస్తుందా? కాడి కట్టి చూడండిరా" అన్నాడు. ఒకరు బండి ఎక్కి, ఇద్దరు ముందు నుంచి అడ్డం పట్టి, ఇంకొకరు మీటరు పట్టుకొని చూస్తే కంట్రోలరు దగ్గర వోల్టేజి 18కి పడిపోయింది. ఆ రకం కంట్రోలరు 20 వోల్టుల దరిదాపులకు వస్తే బ్యాటరీని కాపాడేదానికి తానే ఆపేస్తుంది. అంటే అందరూ నేరం మోపిన కంట్రోలరు తన పని తాను చేసుకుంటున్నది.

అదే బరువు మీద బ్యాటరీలను విడివిడిగా చూసినాము. ఒకటి 11.7, రెండోది 9.3. రెండూ కలిపితే 21. రెండో బ్యాటరీ నీరసించిందని తేలింది. కానీ బ్యాటరీల దగ్గర 21 ఉంటే కంట్రోలరుకు 18 మాత్రమే ఎందుకు చేరుతున్నట్లు? మూడు వోల్టులు దారిలో ఎవరు తింటున్నట్లు? తీగ వెంబడి మీటరు పెట్టుకుంటూ పోతే పాత స్కూటరుతో పాటు వచ్చిన అతుకు దగ్గర దొరికింది. లోపల రాగి నల్లబడి ఉంది, తాకితే కాలింది. పదిహేను ఆంపియర్లు పోయే దారిలో అయిదోవంతు ఓము అడ్డం ఉన్నా మూడు వోల్టులు పోతాయి. 45 వాట్లు ఉత్త వేడిగా పోతుంది. ఓము నియమం మేము పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. వేలు కాలిన రోజు అది మాకు వచ్చింది.

ఆ మామ ఇంకో మాట చెప్పినాడు. మన పక్క చీనీ తోటల్లో, అరటి తోటల్లో బోరు మోటార్లు కాలేది ఎక్కువగా ఇందుకేనట. ఊరికే చూస్తే వోల్టేజి బాగానే ఉంటుంది. మోటారు ఎత్తుకోగానే పడిపోతుంది. వోల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, చుట్టలు వేడెక్కి కాలుతాయి. రైతు రీవైండింగుకు అప్పు చేస్తాడు. కాలిన మోటారును బాగుచేస్తారు గానీ, కాల్చిన అతుకును చాలామంది చూడరు. మా చెక్కబండిలో చూసిందీ బోరు స్టార్టరు పెట్టెలో జరిగేదీ ఒకటేనని తెలిసినప్పుడు, ఇది ఆట అని ఎవరు చెప్పినా మేము ఒప్పుకోదలచుకోలేదు.

తుమ్మలపల్లెలో 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో మొదలైన యురేనియం కర్మాగారం ఉంది. దాని మంచిచెడ్డలు వేరే పెద్ద సంగతి, ఈ రెండు పేజీలకు పట్టదు. అక్కడా పంపులు, మోటార్లు, తీగలే. రోగం కనిపెట్టగలిగిన చేతికి ఎక్కడైనా పని ఉంటుంది.

బడిలో ప్రయోగశాల లేదా అంటారు. మీటర్లు అద్దాల బీరువాలో ఉంటాయి. బీరువాకు తాళం ఉంటుంది. రికార్డు పుస్తకంలో వచ్చిన విలువలు ముందు సంవత్సరం వాళ్ళ రికార్డులో ఉన్నవే. ఇది ఒక్క బడి కథ కాదని చదివే అన్నలందరికీ తెలుసు.

ఇక "మెకానిక్కులే గదా" అనే మాట. జి.డి. నాయుడు గారి పేరు వినే ఉంటారు. కోయంబత్తూరు పక్క తెలుగు రైతు కుటుంబంలో పుట్టినాయన. బడి చదువు తక్కువ. ఒక దొర మోటారు సైకిలు చూసి మనసు పడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొని, విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచి, పళని మధ్య బస్సు నడిపినాడు. 1937లో మన దేశంలోనే తయారైన తొలి కరెంటు మోటార్లలో ఒకటి ఆయన చేయించిందే. ఆయనను మెకానిక్కు అని ఎవరూ తీసివేయలేదు. ఆయన ఇంటికి భూమి ఉంది, మన ఇళ్ళకు లేదు, ఆ తేడా మాకు తెలుసు.

పెద్దల భయం కూడా మాకు తెలుసు. చెప్పులు కుట్టిన చేతులు, డప్పు బిగించిన చేతులు, బావులు తవ్విన చేతులు మన ఇళ్ళలోవే. ఆ పనికి కూలి ఇచ్చినారు గానీ మర్యాద ఇవ్వలేదు. కొడుకు చేతిలో పానా కనబడితే, మళ్ళీ అదే బతుకా అని మా నాయనలకు గుండె ఝల్లుమంటుంది. అది న్యాయమైన భయం. కానీ ఆ భయంతో చేతులు కట్టుకుని కూర్చుంటే, పనికి మర్యాద రాదు సరికదా, పని తెలిసిన చదువు కూడా పక్క వాళ్ళకే పోతుంది. ఇంజనీరింగు సీటు వచ్చిన మన అన్నలు మొదటి ఏడాది వర్క్‌షాపులో టంకం కడ్డీ పట్టుకోవడానికి వెనకాడినామని మాతో చెప్పినారు. పట్నం పిల్లలు ఇంట్లోనే పట్టుకొని వస్తారు.

మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్వార్ అనే పల్లె ఉంది. 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మనీ ఆమె అక్కడ స్కేటింగు మైదానం కట్టించింది. బడికి పోనివారికి బోర్డు లేదు, బోర్డు ముందు ఆడపిల్లలకు అని రెండు కట్టుబాట్లు పెట్టినారు. గోండు పిల్లలు, యాదవుల పిల్లలు ఒకే బోర్డు మీద ఆడినారు. ఆ ఊరి ఆశా గోండు 2018లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీలకు మన దేశం తరఫున పోయింది. చదువుకూ చక్రాల చెక్కకూ పగ లేదని దీన్ని చూసైనా ఒప్పుకోవచ్చు.

ప్రమాదం మాటా దాచము. యాక్సిలరేటరుకు మూడు తీగలు ఉంటాయి. అందులో నల్లది తెగితే కంట్రోలరు పూర్తి వేగం అడిగినారనుకొని బండిని ఉరికించవచ్చు. అందుకే బ్యాటరీ తీగలో ఒక ప్లగ్గు పెట్టి, దానికి తాడు కట్టి, తాడు మణికట్టుకు వేసుకుంటాము. మనిషి పడితే ప్లగ్గు ఊడుతుంది, బండి ఆగుతుంది. హెల్మెట్టు లేనిదే ఎక్కనివ్వము. రోడ్డెక్కించము, మైదానంలోనే. ఇక పాత లాప్‌టాపుల లిథియం సెల్లులు తెచ్చి వాడదామని కొందరు తమ్ముళ్ళు ఆశపడుతున్నారు. తేలికే, బలమే. కానీ ఎక్కువ ఛార్జి అయినా, లోపల దెబ్బ తగిలినా అంటుకుంటాయి. నలభై మంది పడుకునే గదిలో వాటికి చోటు లేదు, ఈ విషయంలో వార్డెను గారి పక్షమే మేము. లెడ్ బ్యాటరీ బరువైనా చాలు. దానినీ వరండాలో, పగటిపూట, మనిషి కాపలా ఉండగానే ఛార్జి చేయాలి.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. ఒక మల్టీమీటరు, ఒక టంకం కడ్డీ, పానాల సెట్టు, కటింగు ప్లేయరు, స్క్రూడ్రైవర్లు, కళ్ళద్దాలు, ఇవన్నీ పట్టే ఒక ఇనుప పెట్టె. తాళం చెవి విద్యార్థి నాయకుని దగ్గర. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రమే, స్టడీ అవరు జోలికి రాము. పెట్టెతో పాటు ఒక నోటు పుస్తకం ఉండాలి. ఏది చెడింది, ఏమి అనుకున్నాము, ఏమి కొలిచినాము, ఏమి తేలింది అని రాయాలి. ట్యూబులైటు అయినా, మిక్సీ అయినా, ఫ్యాను అయినా సరే. పూర్వ విద్యార్థులైన అన్నలు ప్రతి వార్షికోత్సవానికి శాలువాలు, జ్ఞాపికలు తెస్తారు. ఈసారి శాలువాలు కొన్ని తగ్గినా ఎవరికీ చలి పెట్టదు. బాలికల హాస్టలుకు ఇంకొక పెట్టె ఇవ్వాలి, అది ముందే ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు.

మా నోటు పుస్తకంలో ఇప్పటికి పద్నాలుగు రోగాలు రాసి ఉన్నాయి. పదిహేనోది ముందు ఎడమ చక్రం కీచుమనడం. బేరింగులో దుమ్ము పడిందని ముగ్గురు, నట్టు ఎక్కువ బిగిసిందని ఇద్దరు. 'తేలింది' అనే గడి ఇంకా ఖాళీగా ఉంది. వచ్చే ఆదివారం విప్పుతున్నాము, చూడాలనుకున్న తమ్ముళ్ళు భోజనాలైనాక వరండాకు రండి.