ఫారం-3 తర్వాత దారేది?

డిగ్రీ మూడేళ్లూ యూనివర్సిటీ జట్టుకు సాఫ్ట్‌బాల్ ఆడిన అమ్మాయికి చివర్లో చేతికొచ్చేది ఒక కాగితం. పేరు ఫారం-3. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడిందని యూనివర్సిటీ క్రీడా విభాగం సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రం అది. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ డిగ్రీ కాలేజీల పిల్లలకైతే నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ నుంచి రావాలి. ఆ కాగితం పట్టుకుని ఆమె ఎంతదూరం వెళ్లగలదు?

బయటివాళ్లకు మిర్యాలగూడ అంటే రైస్‌మిల్లులు, లేదంటే 2018లో జరిగిన ప్రణయ్ హత్య. అలాంటి ఊరి నుంచి ఒక దళిత ఆడపిల్ల ట్రాక్‌సూట్ వేసుకుని, జట్టుతో రైలెక్కి, వేరే రాష్ట్రంలో ఆడి తిరిగి రావడం చిన్న విషయం కాదు. ఆట ఆమెకిచ్చే మొదటి స్వేచ్ఛ అదే. డిగ్రీ అయిపోగానే ముందు పోయేదీ అదే. ఇంట్లో పెళ్లిమాట మొదలవుతుంది, గ్రౌండ్ దూరమవుతుంది. ఆటలో ఆమె తగ్గిందేమీ లేదు, ఆడటానికి జట్టే ఉండదు.

ఇదే ఆటలో కాలేజీ నుంచి పైకెళ్లిన ఒక నల్లజాతి అమ్మాయి దారి చూద్దాం. నటాషా వాట్లీ లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం షార్ట్‌స్టాప్. నాలుగేళ్లూ అమెరికా ఉత్తమ కాలేజీ క్రీడాకారిణుల మొదటి జాబితాలో ఉంది. 2003లో ఆమె జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. అమెరికా ఒలింపిక్ సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ ఆమే. 2004 ఏథెన్స్‌లో స్వర్ణం, 2008 బీజింగ్‌లో రజతం. ఆ తర్వాత జపాన్‌లో టొయోటా కంపెనీ జట్టుకు ఏళ్లపాటు ఆడింది.

ప్రతిభ ఆమెదే, సందేహం లేదు. కానీ ఆ ప్రతిభ కింద మెట్లున్నాయి. 1972లో అమెరికా చేసిన టైటిల్ నైన్ చట్టం ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్షను నిషేధించింది. దాంతో కాలేజీలు అమ్మాయిల జట్లకూ స్కాలర్‌షిప్పులు పెట్టక తప్పలేదు. కాలేజీ దాటాక జపాన్‌లో పెద్ద కంపెనీలు నడిపే లీగ్ ఉంది. ఒలింపిక్స్ తలుపు మూసుకున్నా ఆమె ఆట ఆగకపోవడానికి కారణం అదే. నిజానికి ఆ తలుపు 2005లోనే మూశారు. సింగపూర్‌లో జరిగిన ఐఓసీ ఓటింగ్‌లో సాఫ్ట్‌బాల్‌కు 52-52 వచ్చింది. మెజారిటీ లేదని 2012 నుంచి తీసేశారు. ఒక్క ఓటు!

అక్కడంతా బాగుందని చెప్పడం లేదు. ఆ దేశంలో చిన్నపిల్లల సాఫ్ట్‌బాల్ డబ్బున్నవాళ్ల ఆటైంది. క్లబ్బు ఫీజులు, టోర్నమెంట్ ప్రయాణాలు పేద నల్లజాతి కుటుంబాలకు అందవు. వాట్లీ తన పేరుతో ఫౌండేషన్ పెట్టి లాస్ ఏంజెలెస్‌లో వెనకబడిన బస్తీల అమ్మాయిలకు ఆట నేర్పించడం మొదలుపెట్టింది అందుకే.

మన దగ్గర పరిస్థితి తలకిందులు. మొదటి మెట్టు ప్రభుత్వమే వేసింది. గురుకులంలో, జిల్లా పరిషత్ బడిలో పీఈటీ ఆట నేర్పిస్తే క్లబ్బు ఫీజు కట్టే పని లేదు. 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలూ వచ్చాయి. లేనిది పైమెట్టు. రాష్ట్రంలో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది, అందులో సాఫ్ట్‌బాల్ కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువులకు గుర్తించిన ఆటల్లోనూ ఉంది. అయితే కేంద్రం పద్ధతిలో దేశానికి ఆడినవాళ్లు ముందు, జాతీయ పోటీల్లో రాష్ట్రానికి పతకం తెచ్చినవాళ్లు తర్వాత, యూనివర్సిటీ పతకం ఆ తర్వాత. ఆడి పతకం రానివాళ్లు చివర. పైగా ఏ ఆటకు ఎన్ని పోస్టులన్నది ఆయా సంస్థల అవసరం. జాబితాలో ఆట పేరుండటం వేరు, దానికి నోటిఫికేషన్ రావడం వేరు.

ఇంకో మాట. రాష్ట్ర స్థాయి ఫారం-2 మీద సంతకం పెట్టేది క్రీడా సంఘం కార్యదర్శి. సంఘంలో గొడవలొస్తే, గుర్తింపు పోతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుందా లేదా అన్నది అభ్యర్థి మెడకు చుట్టుకుంటుంది. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లు లేని పిల్ల ఎవరి చుట్టూ తిరగాలి?

కాబట్టి వీళ్లలో చాలామందికి కనిపించే దారి బీపీఈడీ. పీఈసెట్ రాసి, రెండేళ్లు చదివి, పీఈటీ పోస్టు కోసం ఎదురుచూడటం. 2017లో ఇచ్చిన గురుకుల పీఈటీ నోటిఫికేషన్ కోర్టు కేసుల్లో పడి ఏళ్లతరబడి కదల్లేదు. అప్పుడు పాతికేళ్లున్న అమ్మాయి ఫలితాలొచ్చేసరికి ముప్పై దాటింది.

2024లో రాష్ట్ర ప్రభుత్వం నిఖత్ జరీన్‌కు, సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. సిరాజ్ ఇంటర్ వరకే చదివినా విద్యార్హత సడలించింది. ఇద్దరూ అర్హులే, ఆ నిర్ణయం సరైనదే. నా అభ్యంతరం వేరు. ప్రపంచ పతకం వచ్చాక ప్రభుత్వం ఇచ్చేది బహుమానం. ప్రపంచ పతకం దాకా వెళ్లే అవకాశమే లేని ఆటలో, యూనివర్సిటీ స్థాయిలో నిలిచిన అమ్మాయికి కావలసింది బహుమానం కాదు. డిగ్రీ తర్వాత కూడా ఆడేందుకు జిల్లా జట్టు, ఆ జట్టుకు కోచ్, ఆ కోచ్ పోస్టులో తానే చేరే వీలు. గురుకులాల్లోనే పార్ట్‌టైమ్ కోచ్‌లుగా పాత విద్యార్థినులను తీసుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ వస్తోంది. ఆ నిర్ణయం 2023 అక్టోబర్‌లో మన ముంబైలోనే జరిగింది. అదే ఓటుతో వచ్చిన క్రికెట్ గురించి పేజీలకు పేజీలు రాశారు, సాఫ్ట్‌బాల్‌కు ఒక లైను దక్కితే గొప్ప.

గురుకుల అమ్మాయిలు పతకం తెచ్చిన రోజు అధికారులతో ఫొటో పత్రికలో వస్తుంది. డిగ్రీ అయిన ఐదేళ్లకు వాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారు, ఎంతమంది ఇంకా ఆడుతున్నారు అన్న లెక్క మాత్రం ఎవరూ అడగరు. విద్యార్థి సంఘాలు అడగొచ్చు. గురుకుల సొసైటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి రుసుము 10 రూపాయలు.