మన ఏటి ఒడ్డు కథ మీరే రాయండి



పొందూరు నుంచి శ్రీకాకుళం ఎంత దూరం? చదువులకనో, ఆస్పత్రికనో, పోటీ పరీక్షలకనో వెళ్తూనే ఉంటారు. నాగావళి వంతెన మీద నిలబడి ఏటిని చూసే ఉంటారు. ఆ ఒడ్డున ఏముందో ఎప్పుడైనా ఆగి అడిగారా?

ఒడిశా కొండల్లో పుట్టి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే ఈ ఏటిని బలరాముడు నాగలితో తవ్వి తెచ్చాడని, దారి పొడవునా అయిదు శివలింగాలు ప్రతిష్ఠించాడని మన పెద్దలు చెబుతారు. వాటిలో ఒకటి శ్రీకాకుళంలోని కోటేశ్వరుడు. అదే ఊళ్లో 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉంది. పక్కనే అరసవల్లి. ఏటా మార్చిలో, అక్టోబరులో ఉదయపు కిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాలు తాకుతాయి.

అయితే ఊరికి చరిత్ర ఉంటే చాలదు. దాన్ని పట్టించుకునే మనుషులుండాలి. మనకు అలాంటి బడి పంతుళ్లు ఇద్దరుండేవారు.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెప్పుకుంటూనే, ముఖలింగం గుడి శాసనాలు చూసి, ఆ పాత లిపులు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది ఆయనే. కాళీపట్నం రామారావు మాస్టారు తనకు అవార్డుగా వచ్చిన సొమ్ముతో 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నిలబెట్టారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా వెతికి తెచ్చి అక్కడ చేర్చారు. ఒకరు రాతిని చదివారు, ఒకరు కాగితాన్ని కాపాడారు. ఎవరో వచ్చి చేస్తారని ఇద్దరూ కూర్చోలేదు.

మరి మీ వంతు? మీ పొందూరు వీధిలోనే ఉంది. వాలుగ చేప దవడ ఎముక పట్టుకుని గింజ మీది పత్తిని దువ్వుతున్న అమ్మ పక్కన కాసేపు కూర్చోండి. సూదుల్లాంటి ఆ పళ్ల మధ్య నుంచి నలుసు రాలిపోతుంది, పోగు మిగులుతుంది. గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి పట్టలో దాచి, రాట్నం మీద ఖాదీకి నూరో నంబరు సన్న నూలు తీస్తారు. కోటేశ్వరుడి గుడి ఎంత చరిత్రో ఆ చేతుల పనీ అంత చరిత్ర. గుడి రేపూ ఉంటుంది. ఆ చేతులు ముసలివైపోతున్నాయి.

అందుకే చెబుతున్నాను. జేబులో ఉన్న ఫోన్ తీయండి. వాళ్ల పనినీ మాటనూ రికార్డు చేయండి. వీలైతే మీరూ కూర్చుని ఆ పని నేర్చుకోండి. సెలవు రోజున నలుగురు కలిసి ఏటి గట్టు వెంట నడవండి. శాసనం మీద సున్నం పూస్తుంటే వద్దని చెప్పండి. ఏట్లో చెత్త పోస్తుంటే అడ్డుపడండి. పాత వీధుల పేర్లు, వరదల సంగతులు తాతలను అడిగి తారీఖు వేసి రాసుకోండి.

విశాఖ వెళ్లండి, హైదరాబాద్ వెళ్లండి, బతుకు ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్లండి. కానీ ఒట్టి చేతులతో వెళ్లకండి. శ్రీకాకుళం అంటే వెనకబాటు, వలసలేనని ఎవరైనా తేల్చేస్తే తల దించుకోకండి. మీరు రాసిన నోటు పుస్తకం వాళ్ల ముందు తెరవండి!