చెవికి సరిపడే ఇయర్‌బడ్స్: నేను మార్చుకున్న సలహా

మా తరం వారికి ఇయర్ బడ్స్ అంటే దూది చుట్టిన పుల్లలు. వాటిని చెవిలో పెట్టి తిప్పవద్దని, గుబిలి తనంతట తానే బయటికి వస్తుందని, నరసరావుపేటలో ప్రాక్టీసు చేసినన్నాళ్ళూ రోగులకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు అదే పేరుతో పాటలు వినే సాధనాలు వచ్చాయి. వీటి విషయంలోనూ నేను అందరికీ ఒకే సలహా ఇస్తూ వచ్చాను: చెవి రంధ్రంలోకి దిగే రకం వద్దు, బయట అంచున ఆనుకొని నిలిచే రకం కొనుక్కోండి, అది చవక, చెవికి క్షేమం. ఆ సలహా సగం తప్పు. ఆ సంగతి నా మనవడి వల్ల తెలిసింది.

అతడు గురజాల నుంచి పిడుగురాళ్ల మీదుగా పేటకు రోజూ పల్లెవెలుగు బస్సులో కళాశాలకు వస్తాడు. రానూ పోనూ సుమారు మూడు గంటలు. నా మాట ప్రకారమే 150 రూపాయలు పెట్టి అంచున నిలిచే రకం కొన్నాడు. కొన్ని నెలల తరువాత ఒక ఆదివారం నా దగ్గర కూర్చొని, "తాతయ్యా, రాత్రి లైటు తీసి పడుకుంటే చెవుల్లో కీచుమని మోగుతున్నది" అన్నాడు. చెవులు చూశాను. కర్ణభేరి బాగానే ఉన్నది, గుబిలి లేదు, చీము లేదు. వినికిడి పరీక్ష చేయిస్తే 4000 హెర్ట్జ్ దగ్గర రెండు చెవుల్లోనూ చిన్న గుంట కనిపించింది. వాల్యూం ఎంత పెడుతున్నావురా అని అడిగాను. "బస్సులో ఫుల్ పెట్టకపోతే పాట వినబడదు కదా. నువ్వు చెప్పినవే కదా తాతయ్యా ఇవి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

జరిగినది ఇది. అంచున నిలిచే రకం కర్ణనాళాన్ని మూయదు. ఇంజను రొద, కిటికీ అద్దాల దడదడ, హారన్లు అన్నీ పాటతో పాటే లోపలికి పోతాయి. పాట వాటిని దాటి వినబడాలంటే వాటికంటే బిగ్గరగా మోగాలి. పాత డీజిలు బస్సులో రొద 80 డెసిబెల్స్ దాటే సందర్భాలు చాలా ఉంటాయి. అంటే పాట 90 దాటిపోతుంది. ఫోనుకు ఇయర్‌ఫోన్ తగిలించి చివరిదాకా పెంచితే 100 దాటడం కూడా సాధ్యమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ఇందుకు ఒక లెక్క ఇచ్చాయి. పెద్దవారు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు వినవచ్చును. పిల్లలకైతే 75. దాని మీద ప్రతి 3 డెసిబెల్స్‌కూ అనుమతించే కాలం సగమైపోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. ఇలా పోతే 95 దగ్గర వారానికి మిగిలేది గంటంబావు. మావాడు 95లో విన్నాడనే అనుకుందాం. వారానికి ఆరు రోజులు, రోజుకు మూడు గంటలు, వెరసి 18 గంటలు. గంటంబావు ఉండవలసిన చోట 18 గంటలు! అదే 80లో విని ఉంటే ఆ 18 గంటలూ హద్దులోనే ఉండేవి. తేడా అంతా ఆ 15 డెసిబెల్స్‌లోనే ఉన్నది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో ఒక్కొక్క వైపు సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. చర్మంలాగా, ఎముకలాగా అవి మళ్ళీ పుట్టవు. పెద్ద శబ్దానికి మొదట దెబ్బతినేవి హెచ్చు స్థాయి ధ్వనులను గ్రహించేవి. అందుకే ఆ గుంట ముందుగా 4000 దగ్గర పడుతుంది. రాతి క్రషర్లలోనూ, పత్తి జిన్నింగు మిల్లుల్లోనూ పాతికేళ్ళు పనిచేసిన వారిని నేను చాలామందిని చూశాను. వారందరిదీ ఒకే ఫిర్యాదు: "వినబడుతుందండీ, మాట తెలియటంలేదు." స, శ, ష, చ వంటి ధ్వనులు ముందు జారిపోతాయి. అచ్చులు వినబడతాయి, హల్లులు చెదిరిపోతాయి. ఆ రోగులకు యాభై అరవై ఏళ్ళు. ఇప్పుడు అదే ఆకారపు గుంటను పందొమ్మిదేళ్ళ కుర్రవాడి కాగితం మీద చూడవలసి వచ్చింది.

అందువల్ల ఇప్పుడు నేనిచ్చే సలహా వేరు. బస్సులోనో, రైలులోనో, మోతగా ఉండే చోటనో వినేవారు కర్ణనాళాన్ని మెత్తగా, సరిగా మూసే రకాన్నే కొనండి. ఇంట్లో, నిశ్శబ్దమైన గదిలో మాత్రమే వినేవారికి అంచున నిలిచే రకం చాలు. మూసే రకంలో ఒక మెలిక ఉన్నది. అదే వాల్యూంలో పెడితే అది కర్ణభేరికి ఎక్కువ శబ్దాన్ని చేరవేస్తుంది. మూసినందుకు ప్రతిఫలంగా వాల్యూం తగ్గించుకోవాలి. తగ్గించుకోకపోతే నా పాత సలహాయే నయం.

సరిగా మూయడమంటే బిగించడం కాదు. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. పెట్టెలో సాధారణంగా చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో మూడు జతల రబ్బర్లు ఇస్తారు. చాలామంది మధ్య సైజుతోనే సరిపెట్టుకొని, మిగతావి పెట్టెతో పాటు పారవేస్తారు. మన కర్ణనాళం పెద్దవారిలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు ఉండి, కొంచెం వంకర తిరిగి ఉంటుంది. కుడి ఎడమలు ఒకే కొలతలో ఉండాలని లేదు. ఒక చెవికి చిన్నది, మరొక చెవికి మధ్యది పట్టడం మామూలే. పెట్టుకున్నాక పాట వేయకుండా ఒకసారి చుట్టూ వినండి. ఫ్యాను చప్పుడు తగ్గిందా? మీరు మాట్లాడితే మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్లు వినబడుతున్నదా? అయితే మూసినట్లే. తరువాత అన్నం నమిలినట్లు నోరు ఆడించండి. దవడ కదిలినప్పుడు కర్ణనాళపు ఆకారం కొంచెం మారుతుంది. అప్పుడు ఊడిపోతే రబ్బరు చిన్నది, ఒత్తి నొప్పి పెడితే పెద్దది. లోపలి భాగంలో ఎముక మీద చర్మం చాలా పలుచగా ఉంటుంది కనుక మరీ లోతుకు నెట్టకూడదు. కొందరికి ఇయర్‌బడ్ పెట్టగానే పొడిదగ్గు వస్తుంది. అది ఊపిరితిత్తుల జబ్బు కాదు. చెవికి, గొంతుకు ఉమ్మడిగా ఉన్న వేగస్ నరపు శాఖ చేసే పని. అటువంటివారు పొట్టి రకాన్ని చూసుకోవాలి.

ఇందుకు ఒక సులువైన పరీక్ష ఉన్నది. రాత్రి ఇంట్లో అంతా నిద్రపోయాక పాట పెట్టి, మాటలు స్పష్టంగా తెలిసే కనీస వాల్యూం దగ్గర ఆపి ఆ గుర్తు చూసుకోండి. మరునాడు బస్సులో అదే పాట వినండి. రెండు మూడు మెట్ల కంటే ఎక్కువ పెంచవలసి వస్తే ఆ రబ్బరు మీ చెవికి సరిపోలేదన్నమాట.

ఇక డబ్బు సంగతి. కంపెనీ పేర్లు నేను చెప్పను. బస్టాండు దగ్గర వంద రూపాయలకు దొరికేవాటిలో ఒకవైపు ఎక్కువ, మరొకవైపు తక్కువ మోగేవి కనిపిస్తాయి. తక్కువ వినబడే వైపు కోసం వాల్యూం పెంచి, రెండవ చెవిని బాదుకుంటాము. ఆ వంద ఆదా కాదు. 400 నుంచి 600 రూపాయల మధ్య దొరికే మంచి వైరు రకం మామూలు పాటలకు ధారాళంగా సరిపోతుంది. మీ ఫోనుకు పాత గుండ్రటి సాకెట్ లేకపోతే టైప్-సి రకం అడగండి. వైరు లేని జంట బడ్స్ తేలికే. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములు ఉంటుంది. కానీ వాటిలోని చిన్న బ్యాటరీ రెండు మూడేళ్ళకు నీరసిస్తుంది, మార్చడం దాదాపు అసాధ్యం. కిక్కిరిసిన బస్సులో ఒకటి కింద పడిందా, రెండవది ఉండీ లేనట్లే. వైరు వద్దనుకునేవారికి మెడలో వేలాడే నెక్‌బ్యాండ్ మధ్యేమార్గం.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో "ఎక్స్‌ట్రా బాస్" అని ఉంటే నేనైతే పక్కన పెడతాను. ఇది పెద్దవాళ్ళ చాదస్తమని మా మనవడు అంటాడు, అననివ్వండి. మంద్రధ్వనులు బలంగా ఉన్నప్పుడు వాటి పైస్థాయి ధ్వనులను కప్పివేయడం శ్రవణశాస్త్రంలో తెలిసిన విషయమే. ఘంటసాల పద్యంలోనైనా, బాలమురళి కీర్తనలోనైనా మనకు కావలసినది గొంతు, సాహిత్యం. డప్పు మోతలో మాట మునిగిపోతే మాట కోసం మళ్ళీ వాల్యూం పెంచుతాము. దుకాణంలో వినిచూసే అవకాశం ఉంటే మీకు కంఠస్థమైన పద్యాన్నే పెట్టి, ఒత్తులు స్పష్టంగా తెలుస్తున్నాయో లేదో చూడండి.

బయటి రొదకు ఎదురు తరంగాన్ని పుట్టించి దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ ఇప్పుడు తక్కువ ధర రకాల్లోనూ వస్తున్నది. ఇంజను హోరు వంటి ఏకధాటి శబ్దం మీద బాగా పనిచేస్తుంది, హారను మీద, కేక మీద అంతగా పనిచేయదు. రోజూ ప్రయాణించేవారికి దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. అయితే సీటులో కూర్చున్నంతసేపే. రోడ్డు మీద నడిచేటప్పుడు, బండి నడిపేటప్పుడు, మాచర్ల లైను పట్టాలు దాటేటప్పుడు మూసే రకం ఏదీ చెవిలో ఉండకూడదు. మిర్చి, పత్తి చేలల్లో ట్రాక్టరు నడుపుతూ, తైవాన్ స్ప్రేయర్ భుజాన వేసుకొని పాటలు వినే యువకులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ట్రాక్టరు మోతే 90 చుట్టూ ఉంటుంది. దాని మీద పాట కలిపితే చెవికి రెండు దెబ్బలు.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ తెలిసినదే. చెమట పట్టిన చెవిని గంటల తరబడి మూసి ఉంచితే లోపల తేమ నిలిచి బూజు పెరుగుతుంది. దురద, నీరు కారడం, బరువుగా ఉండడం దాని లక్షణాలు. గంటకొకసారి తీసి చెవిని ఆరనివ్వండి. రబ్బర్లు ఊడదీసి వారానికొకసారి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరాక తొడగండి. మరొకరివి పెట్టుకోవద్దు. పెట్టుకొని నిద్రపోవద్దు. మధుమేహం ఉన్నవారికి చెవిలో పుండు పడితే ఒక్కొక్కప్పుడు ఎముకదాకా పోతుంది కనుక, వారు చెవి నొప్పిని ఒక్కరోజు కూడా అశ్రద్ధ చేయకూడదు.

అసలు ఇవన్నీ మానిపించరాదా అని నా తోటి వైద్యులు కొందరు అంటారు. నేను అంగీకరించను. హాస్టలు గదిలో నలుగురి మధ్య ఉన్న ఆడపిల్లకు, నిద్ర పట్టని ముసలివారికి తమ పాట తాము వినే హక్కు ఉన్నది. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల మైకుల ముందు రాత్రంతా నిలబడేవాళ్ళం మనం. ఆ మైకు వాల్యూం మన చేతిలో లేదు, ఇది ఉన్నది. చెవుల్లో మోత ఒక రోజు దాటి నిలిచినా, ఎదుటివారి మాట మళ్ళీ మళ్ళీ అడగవలసి వస్తున్నా వినికిడి పరీక్ష చేయించుకోండి. అరగంట పని, నొప్పి ఉండదు.

మా మనవడికి వైరు రకం 500 రూపాయలకు కొన్నాము. కుడి చెవికి చిన్న రబ్బరు, ఎడమకు మధ్యది పట్టింది. బస్సులో వాల్యూం సగానికి కొంచెం కిందనే ఆగుతున్నదని చెప్పాడు. రాత్రి కీచుధ్వని నెల రోజుల్లో తగ్గిపోయింది. ఆరు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయించాము. 4000 దగ్గరి గుంట పెరగలేదు, పూడనూ లేదు.