ఓరుగల్లులో రెండు నాళ్ళు

యాత్ర అనగానే చూడవలసిన స్థలాల పట్టిక వ్రాసుకోవడం నేడు పరిపాటి అయింది. బోథ్ నుండి ఓరుగల్లుకు రెండు రోజుల విహారయాత్ర సంకల్పించే విద్యార్థుల పట్టిక ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వేయిస్తంభాల గుడి, భద్రకాళి ఆలయం, పద్మాక్షి గుట్ట, ఖిలా, రామప్ప, లక్నవరం, వీలైతే తిరుగుదారిలో వేములవాడ. పట్టిక నిండుగానే ఉంటుంది. కాలమే చాలదు.

నిర్మల్, జగిత్యాల, కరీంనగర్‌ల మీదుగా గోదావరిని దాటి హనుమకొండ చేరేసరికి మొదటి పూట గడిచిపోతుంది. తిరుగు ప్రయాణానికి మరొక పూట. చేతికి మిగిలేది ఒక్క పగటి పొద్దు మాత్రమే. అందులో రామప్పకు పోయి రావాలంటే నూట ఇరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఇక గుడి ముందు బస్సు ఆగడం, ఫొటో దిగడం, ఈల వినపడగానే పరుగెత్తడం తప్ప వేరొకటి జరగదు. పత్తి, సోయా పండించే ఇంటి నుండి వచ్చిన డబ్బుతో సాగే యాత్ర ఇది. కొందరికి ఇంటర్మీడియట్ రెండేళ్ళలో లభించేది ఇదొక్కటే. అది ఈలల మధ్య ముగిసిపోవడం న్యాయం కాదు.

రామప్పను వదలడమా అని ఎవరైనా నొచ్చుకోవచ్చు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. నీటిపై తేలే ఇటుకలతో శిఖరం నిర్మించిన శిల్పుల నేర్పు చూడదగినదే. మళ్ళీ వస్తామో రామో అన్న విద్యార్థి బెంగ కూడా కొట్టిపారవేయదగినది కాదు. అయినా అరగంటలో చూసిన రామప్ప కంటే, మరొక యాత్రకు మిగిలిన రామప్పే మేలు.

జపానులో పాఠశాల విద్యార్థులు ప్రాచీన నగరమైన క్యోటోకు విద్యాయాత్రకు వెళ్ళడం చిరకాలంగా వస్తున్న ఆచారం. 794లో రాజధానిగా వెలసిన ఆ నగరంలో చూడవలసిన ఆలయాలకు లెక్కలేదు. అక్కడ పిల్లలు చిన్న చిన్న బృందాలుగా ఏర్పడి, ఏ ఆలయానికి ఏ బస్సెక్కాలి, ఎక్కడ ఎంతసేపు నిలవాలి అన్నది ముందుగా తామే నిర్ణయించుకొని, ఆ పథకాన్ని ఉపాధ్యాయులకు చూపి బయలుదేరుతారు. అన్నీ చూడడం అసాధ్యమని పథకం వేసేటప్పుడే వారికి బోధపడుతుంది. మన విద్యార్థులకు ఈ అవకాశం ఎందుకివ్వరాదు?

అంత దూరం పోనక్కరలేదు. ఒక్క దినంలో ఓరుగల్లును ఎలా చూడాలో చెప్పే కావ్యం తెలుగులోనే ఉంది. అది వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామం. (శ్రీనాథుని రచనే అన్నవారూ లేకపోలేదు, ఆ వివాదం యాత్రికులకు అక్కరలేదు.) కాకతీయ రాజ్యం 1323లో కూలిన తరువాతి రచనే అయినా, అందులోని నగరం ప్రతాపరుద్రుని కాలపు ఓరుగల్లు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరూ వీధులు పట్టి తిరుగుతారు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే ఆగి వింటారు. కోడిపందెం దగ్గర నిలబడతారు. మాచల్దేవి చిత్రశాల చూస్తారు. ఆకలి వేస్తే పూటకూళ్ళ ఇంట రూకకు దొరికే భోజనం గురించి ముచ్చటించుకుంటారు. వారి చేతిలో పట్టిక లేదు. ఎదురైన ప్రతివారితో మాట కలిపే తీరిక ఉంది. నాటి నగరజీవనం నేడు మనకు తెలుస్తున్నదంటే ఆ తీరికే కారణం.

కనుక మొదటి సాయంత్రం వేయిస్తంభాల గుడికి కేటాయించడం ఉచితం. రుద్రదేవుడు 1163లో శివునికి, విష్ణువుకు, సూర్యునికి కలిపి కట్టించిన త్రికూటాలయమది. ఆనాటి శాసనం ఆలయ ప్రాంగణంలోనే ఉంది. దాని సారాంశం కళాశాలలోనే చదువుకొని వెళితే, ఆ రాయి రాయిగా మిగలదు. 2006లో విప్పదీసిన కల్యాణ మండపాన్ని తిరిగి నిలబెట్టి ప్రజలకు తెరిచేసరికి 2024 వచ్చింది. పూర్వులు నిలిపిన స్తంభాలను మరల నిలపడానికి మనవారికి పద్దెనిమిదేళ్ళు పట్టిందన్నది కూడా విద్యార్థులు చర్చించదగిన అంశమే.

రెండవ నాటి ఉదయమంతా ఖిలాకే చెందాలి. మట్టికోట కట్టపై కొంత దూరం నడిచి, రాతికోట ద్వారంలోని మలుపులు దాటి లోపలికి పోతే, నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలు కనిపిస్తాయి. వాటి నడుమ ఉండిన స్వయంభూ శివాలయం మాత్రం శిథిలమైంది. గుడి లేని తోరణాల వద్ద గంటసేపు కూర్చోవడానికి ఏ యాత్రా పట్టికలోనూ చోటుండదు. ఊరికి పేరిచ్చిన ఏకశిలపైకి ఎక్కడానికీ సమయం మిగుల్చుకోవాలి.

తేలవలసింది భోజనం సంగతి ఒక్కటే. ఇంటి నుండి పులిహోర మూటలు తెచ్చుకుంటే ఖర్చు తగ్గుతుందని అధ్యాపకులంటారు. ఆ మాట నిజమే. టిట్టిభసెట్టి అయితే కోట లోపలి ఇళ్ళవారినే అడిగేవాడు, ఇక్కడ అన్నం ఎక్కడ బాగుంటుందని.