గొలుసులు కలిపితే రొయ్యల కథ తెలుస్తుందా?

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకో అలవాటుంది. బోర్డు మీద రెండు డబ్బాలు కనబడితే చాలు, మధ్యలో ఓ బాణం గీసేస్తాం. ఆ బాణం వెనక ఎంత చాకిరీ ఉందో తర్వాత చూసుకోవచ్చులే అని ధీమా. రకరకాల బ్లాక్‌చెయిన్‌లని ఒకదానితో ఒకటి కలిపి, వాటికి సెన్సర్లు తగిలించేస్తే సరుకు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఇట్టే తెలిసిపోతాయనే వాదన విన్నప్పుడల్లా నాకా బాణమే గుర్తొస్తుంది.

మనకి దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. ఆంధ్రా నుంచి అమెరికాలోని కొన్ని సామ్స్ క్లబ్ దుకాణాలకొచ్చే రొయ్యల ప్రయాణాన్ని బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేసే ప్రయోగాన్ని 2019లో వాల్‌మార్ట్ ప్రకటించింది. మంచిదే. కానీ రొయ్య ఒకరి చేతిలోనే ఉండదు కదా. చెరువు రైతు, ప్లాంటు, ఓడ, గిడ్డంగి, చివరికి కొట్టు. ఒక్కొక్కళ్ళూ ఒక్కో బ్లాక్‌చెయిన్ పట్టుకుని కూర్చుంటే? అప్పుడు వాటి మధ్య "వంతెనలు" కట్టాలంటారు.

ఈ వంతెనల సంగతి 2022లో బాగా తెలిసొచ్చింది. మార్చిలో రోనిన్ అనే వంతెన నుంచి 60 కోట్ల డాలర్ల పైచిలుకు దోచేశారు. దానికి కాపలాదారులు తొమ్మిదిమంది, ఐదుగురి సంతకాలుంటే సొమ్ము కదులుతుంది. దొంగలు సరిగ్గా ఐదు తాళాలు సంపాదించారు. అంతకు ముందు నెలలోనే వార్మ్‌హోల్‌లో సుమారు 32 కోట్లు, ఆగస్టులో నోమాడ్‌లో సుమారు 19 కోట్లు పోయాయి. ఎవర్నీ నమ్మక్కర్లేదని బ్లాక్‌చెయిన్ కట్టుకుని, రెంటినీ కలపడానికి మళ్ళీ కొందరిని నమ్మడమన్నమాట!

ఇంకో దారి లేకపోలేదు. ఒక గొలుసు రెండోదాని రుజువుల్ని తనే సరిచూసుకోవచ్చు. కాస్మోస్ వాళ్ళ ఐబీసీ 2021 నుంచీ చేస్తున్నది అదే. కానీ ఆ పని బ్యాటరీతో నెలల తరబడి నడవాల్సిన చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ వల్ల కాదు. అంచేత మధ్యలో ఓ గేట్‌వే పెట్టి, సెన్సర్ తరఫున అదే మాట్లాడుతుందంటారు. అప్పుడిక కీలకం గొలుసు కాదు, గేట్‌వే. అది అంకె మార్చి రాస్తే, ఆ అబద్ధం అన్ని గొలుసుల్లోనూ చెరగకుండా ఉండిపోతుంది.

నా మట్టుకు నాకు తోచేది ఇది. సెన్సర్ లోపలి చిప్‌లోనే రహస్య తాళం ఉంచి, ప్రతి కొలతకీ వరస సంఖ్య వేసి, అక్కడికక్కడే డిజిటల్ సంతకం చేయిస్తే చాలు. గేట్‌వే ఆ కొలతని మార్చలేదు. మధ్యలో ఒకటి మింగేస్తే సంఖ్య తప్పి దొరికిపోతుంది. ఆ రికార్డు ఏ గొలుసులో ఉన్నా, మామూలు డేటాబేసులో ఉన్నా ఎవరైనా సరిచూసుకోవచ్చు. డబ్బు దాటించడానికి వంతెన కావాలేమో గానీ, సంతకమున్న కాగితం దాటడానికి ఎందుకు?

మరి కలవాల్సిందేమిటి? భాష. సరుకు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేతికి మారిందో చెప్పడానికి జీఎస్1 సంస్థ ఈపీసీఐఎస్ అనే ప్రమాణం ఎప్పుడో తయారుచేసింది. 2022లో వచ్చిన రెండో కూర్పులో సెన్సర్ కొలతలకీ చోటుంది. అయినా ఉమ్మడి భాష ఉంటే సరిపోదు, మాట్లాడుకునే మనసుండాలి. మెర్స్క్, ఐబీఎం కలిసి 2018లో మొదలుపెట్టిన ట్రేడ్‌లెన్స్‌ని 2022 నవంబరులో ఆపేస్తున్నామన్నారు. పరిశ్రమ మొత్తం సహకరించే పరిస్థితి రాలేదని వాళ్ళే చెప్పారు.

ఇక చివరి మాట. సంతకం ఎంత గట్టిదైనా, సెన్సర్ని ఐసు పెట్టెలో పడేసి రొయ్యల్ని ఎండలో పెట్టేవాణ్ణి అదేం చెయ్యలేదు. దానికి తనిఖీ చేసే మనిషి కావాలి. అంతకన్నా ముఖ్యం, సరుకు చెడిందని తెరమీద ఎర్రచుక్క కనబడితే కోత పడేది ఎవరికి? ఓడలో చెడిన సరుకుకి చెరువు గట్టున ధర తగ్గిస్తే, ఆ రికార్డు చూపించి నిలదీసే హక్కు రైతుకీ ఉండాలి. ఆ నకలు తన ఫోన్లో తను చూసుకోలేనప్పుడు, ఎన్ని గొలుసులు కలిపినా అవి అతని కాళ్ళకే.

మీరేమంటారు?