పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా?

మొన్న గంటర్స్‌విల్ సరస్సు ఒడ్డున ఒక మిత్రులు నా గాలపు కర్రను, దాని రీలుకు చుట్టిన దారాన్ని చూసి నవ్వారు. "మూడు పౌన్ల చేప కోసం అరవై అయిదు పౌన్ల దారమా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదుటండీ? చేపకు కూడా ఒక అవకాశం ఇవ్వాలి. సన్నని దారంతో పట్టడమే ధర్మయుద్ధం" అన్నారు. వినడానికి సొంపుగా ఉన్న ఈ మాట ఎంత క్రూరమైనదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు రణరంగం ఎటువంటిదో చూద్దాం. అలబామాలో టెనెసీ నదిపై 1939లో పూర్తయిన ఆనకట్ట వెనుక సుమారు 69,000 ఎకరాల్లో పరచుకున్న నీరది. వేసవి ముదిరేసరికి అందులో హైడ్రిల్లా నాచు చాపలా అల్లుకుపోతుంది. మన చెరువుల్లో సహజంగా పెరిగే మొక్కే అది. అమెరికాకు 1950లలో అలంకారపు తొట్టెల కోసం వచ్చి, ఇక వెళ్ళలేదు. ఆ చాప కింది నీడలో లార్జ్‌మౌత్ బాస్ పొంచి ఉంటుంది. పైన బోలు రబ్బరు కప్పను పాకిస్తాం. దాని రెండు కొక్కేలూ పైకి తిరిగి వీపును అంటిపెట్టుకుని ఉంటాయి గనుక నాచుకు తగులుకోవు. చేప కరిచినప్పుడు కప్ప అణగి, అవి బయటపడతాయి.

కరిచిన మరుక్షణం చేప నాచులోకి దూకుతుంది. అప్పుడు మనం లాగేది మూడు పౌన్ల చేపను కాదు, దాని చుట్టూ చుట్టుకున్న బుట్టెడు నాచుతో సహా చేపను. బ్రహ్మాస్త్రం పిచ్చుక మీద కాదు, అది దూరిన అడవి మీద. ఈ తేడా గ్రహించని వారే ధర్మయుద్ధాల గురించి మాట్లాడతారు.

నేనూ ఒకప్పుడు అలా మాట్లాడినవాణ్ణే. ఇంట్లో ఉన్న స్పిన్నింగ్ కర్రకు పది పౌన్ల నైలాన్ దారం చుట్టి, దాని కొసన కప్పను కట్టి విసిరాను. నీళ్ళు బద్దలైనట్టు చేప లేచింది. లాగాను. దారం సాగింది, కర్ర వంగింది, చేప నాచులో కూరుకుపోయింది, దారం పుటుక్కున తెగింది. నోట్లో రెండు దళసరి కొక్కేలతో ఆ చేప ఎటు పోయిందో, ఎన్నాళ్ళు బతికిందో నాకు తెలియదు. ఆ రోజు నేను దానికిచ్చిన "అవకాశం" అదీ! తెగకపోయినా మేలేమీ లేదు. వేసవి నీటిలో ప్రాణవాయువు తక్కువ. పోరు సాగినకొద్దీ చేప అలసిపోతుంది, వదిలిపెట్టాక కోలుకోవడం కష్టమవుతుంది. తిరిగి నీటిలో వదలదలచుకున్నవాడు త్వరగా ఒడ్డు చేర్చాలి.

కనుక కావలసినదేమిటి? ఏడు అడుగుల నుంచి ఏడున్నర అడుగుల లోపు హెవీ పవర్ కర్ర. అయితే హెవీ అంటే రోకలి అని కాదు. కొస మాత్రం కాస్త మెత్తగా వంగాలి. లేకుంటే అర ఔన్సు కప్పను దూరం విసరలేం, అటూ ఇటూ నడిపించలేం. దుకాణంలో కర్ర కొసను వంచి చూడండి. వంపు పై భాగంలోనే ఆగి, నడుము గట్టిగా నిలవాలి.

దారం 50 నుంచి 65 పౌన్ల అల్లిక దారం. అది సాగదు, నాచును కోసుకుంటూ వస్తుంది, నీటిపై తేలుతుంది. ఫ్లోరోకార్బన్ మునిగిపోయి కప్ప ముక్కును కిందికి లాగుతుంది. మిత్రులు మోకు అనుకున్న ఆ 65 పౌన్ల దారం మందం సుమారు 16 పౌన్ల నైలాన్ దారమంతే!

రీలు బెయిట్‌కాస్టింగ్ రకం. పిడిని ఒకసారి తిప్పితే చుట్ట ఏడుసార్లు తిరిగేది చాలు. వదులు దారంతో కప్పను ఆడిస్తాం గనుక, కరిచినప్పుడు ఆ వదులును చప్పున చుట్టుకోవాలి. అంతకంటే వేగమైన రీలు మరీ గొప్పదన్న భ్రమ వద్దు. వేగం పెరిగినకొద్దీ చుట్టే బలం తగ్గుతుంది. డ్రాగ్ గట్టిగా బిగించండి. చేపను కర్రతో లాగాలి, పిడితో కాదు.

ఇక రెండో పక్షం వారికీ ఒక మాట. ఖరీదుకూ బలానికీ సంబంధం ఉందని నమ్మించే అమ్మకందార్లున్నారు. బంగారు రంగు రీలును చూసి ఏ చేపా నోరు తెరవదు. పైన చెప్పిన గుణాలుంటే మధ్యరకం ధరలో దొరికేది చాలు. నాచు పలచగా ఉన్నచోట మీడియం హెవీ కర్ర, 40 పౌన్ల దారం సరిపోతాయని కూడా ఒప్పుకుంటాను. ఎంత మంచి సరంజామా ఉన్నా, నీళ్ళు చిందగానే ఉలిక్కిపడి లాగేవాడి చేతికి చేప చిక్కదు. చేప బరువు చేతికి తెలిసేదాకా ఆగాలి. ఆగలేక కర్రను తిట్టడం ఆడలేక మద్దెల ఓడనడమే.

మా తాతగారు ఊరి చెరువులో బతికిన కప్పను గుచ్చి కొరమీనుకు గాలం వేసేవారు. ముదురు వెదురు కర్ర, చిటికెన వేలికి చుట్టుకుంటే కోసుకుపోయేంత గట్టి పురికొస. చేప పట్టిందంటే ఒక్క ఊపున గట్టు మీద పడేది. ఆయన ఏ ధర్మయుద్ధమూ చేయలేదు. కానీ ఆయన గాలం మింగిన చేప ఏదీ తెగిన దారంతో చెరువులో తిరగలేదు.

పట్టదలచుకుంటే పట్టే శక్తితో వెళ్ళండి. లేదా ఒడ్డున కూర్చుని సూర్యాస్తమయం చూడండి, అదీ మంచిదే. ఈ రెంటికీ మధ్య, చేప నోటితో ఆడే సరదాకు మాత్రం ధర్మమని పేరు పెట్టకండి.