సెలవుల్లో చరిత్ర వెతుకుదాం

పిల్లలూ! వేసవి సెలవులు వచ్చాయంటే హైస్కూలు చదివేవారికి ఒక మంచి అవకాశం దొరికినట్టే. మీ ఊరి చరిత్రను మీరే వెతికి రాయవచ్చు. దానికి ఒక నోటుపుస్తకమూ, పెన్సిలూ, కాస్త ఓపికా ఉంటే చాలు.

పూర్వం ఏలూరులో పుట్టిన కావలి వెంకట బొర్రయ్య అనే యువకుడు కాలిన్ మెకంజీ అనే దొర వద్ద పనిచేస్తూ శాసనాలూ, రాతప్రతులూ సేకరించాడు. 1803లో చనిపోయేనాటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళయినా లేవు. మెకంజీ మనుషులు కరణాలనూ, పెద్దలనూ అడిగి రాయించిన ఊరి చరిత్రలనే కైఫియతులంటారు. వారు రాయించబట్టే ఆ సంగతులు మనకు మిగిలాయి.

మరి మీరు ఎలా మొదలుపెట్టాలి? ముందుగా ఒకే ఒక ప్రశ్న ఎంచుకోండి. "మా ఊరి చెరువు ఎవరు తవ్వించారు?" అన్నది మంచి ప్రశ్న.

తరవాత పెద్దలను అడగండి. తాతయ్యకు సంవత్సరం గుర్తుండకపోవచ్చు. కృష్ణా తీరంవారైతే, "దివిసీమ ఉప్పెనకు ముందా, తరవాతా?" అని అడగండి. ఆ ఉప్పెన వచ్చినది 1977 నవంబరు 19న గనక కాలం కొంత తేలుతుంది. ఒకే సంగతి ఇద్దరిని విడివిడిగా అడగండి. మాటలు కలవకపోతే రెండూ రాసుకోండి.

గుడిలో శాసనం ఉన్నదేమో చూడండి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడినప్పుడు అక్షరాల గుంటలలో నీడలు పడి చక్కగా కనిపిస్తాయి. అప్పుడు ఫోటో తీయండి. రాయిని గీకకూడదు, సుద్ద పూయకూడదు. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం వస్తుంది. శక 1431 అంటే 1509. శ్రీకృష్ణదేవరాయలు రాజ్యానికి వచ్చిన కాలం.

ఇక కాగితాలు. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. హైదరాబాదులోని తార్నాకలో ప్రభుత్వ పురాతన పత్రాల భాండాగారం ఉన్నది. ఇటువంటి చోట్లకు వెళ్ళేముందు హెడ్మాస్టరుగారి చేత ఒక ఉత్తరం రాయించుకుని, ఏ రోజు రావచ్చునో కనుక్కోండి.

తల్లిదండ్రులకు ఒక మాట. శాసనం మీద సున్నం కొడితే అక్షరాలు పూడిపోతాయి. పెద్దాయన కన్నుమూస్తే ఆయనకు తెలిసిన కథ ఆయనతోనే పోతుంది. అందుచేత పిల్లలను ఈ సెలవుల్లోనే పంపండి.

పిల్లలూ, ఏ సంగతి ఎవరు చెప్పారో, ఏనాడు చెప్పారో పక్కనే రాయటం మరవకండి. పని పూర్తి కాగానే ఒక ప్రతి మీ బడి గ్రంథాలయానికి ఇవ్వండి. మీ తరవాత వచ్చేవారు అక్కడినుంచి మొదలుపెడతారు.